అమ్మ గంప ఎవరు మోయాలి?

మా ఊరి అమ్మవారి గుడి పునఃప్రతిష్ఠ కరపత్రం నా ముందుంది. గుడివాడలో వేయించారట, ఖరీదైన మెరుపు కాగితం. పైన అమ్మవారి బొమ్మ. అది మా అమ్మవారు కాదు. మా గంగానమ్మకి బొమ్మే లేదు. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, ఆ రాయికి రెండు వెండి కళ్ళు, అంతే. కరపత్రంలో ఉన్నావిడ సింహం మీద కూర్చుని ఉంది, బోలెడన్ని చేతులు, క్యాలెండర్లలో మనం చూసే దుర్గ. పేరు కూడా మారింది: శ్రీ గంగా దుర్గా పరమేశ్వరి. కింద ధర్మకర్తలు, దాతలు, ఆహ్వాన సంఘం. యాభైమూడు పేర్లు లెక్కపెట్టాను. ఒక్కటీ ఆడపేరు కాదు. 'ధర్మపత్నీ సమేతంగా' అన్నమాట మాత్రం పదకొండు సార్లు ఉంది.

హోమాలు, కుంభాభిషేకం, కళ్యాణం, అన్నసమారాధన అన్నీ అయ్యాక, బాణాసంచాకి ముందు, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది. 'గణాచారి పలుకు – 5 నిమిషములు.'

ఆ ఐదు నిమిషాల మనిషి మా పెద్దమ్మ.

పట్నాల్లో పెరిగిన వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. గణాచారి అంటే పూజారి కాదు. కొలుపులో అమ్మ ఎవరి ఒంటి మీదికి వచ్చి ఊరి మంచిచెడ్డలు పలుకుతుందో ఆ మనిషి గణాచారి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఎక్కువగా ఆడవాళ్ళే, ఎక్కువగా కింది కులాల ఆడవాళ్ళే. పంబలవాళ్ళు కథ చెబుతారు, డప్పులు మాదిగలవి, కుండలు కుమ్మరివాళ్ళవి, పొలి చల్లడానికి వేరే మనుషులు. ఊరంతటికీ పనులున్నాయి. మాట మాత్రం ఆమెది. ఆ మాట వినడానికి ఒకప్పుడు ఊరి పెద్దలు తెల్లవార్లూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఇప్పుడు ఐదు నిమిషాలిచ్చారు, అది కూడా మైకు ఖాళీగా ఉంటేనే.

పెద్దమ్మ గణాచారి ఎలా అయిందో చెప్పకుండా నా తగువేమిటో చెప్పలేను.

1977 నవంబరు 19. దివిసీమలో ఇప్పటికీ వయసులు 'ఉప్పెనకి ముందు', 'ఉప్పెన తర్వాత' అనే లెక్కలో చెబుతారు. పదివేల మందికి పైగా పోయారని ప్రభుత్వం లెక్క. ఇంకా ఎంతోమంది ఏ లెక్కలోనూ లేరని ఆ ఊళ్ళ లెక్క. పెద్దమ్మకి అప్పుడు ఇరవైనాలుగేళ్ళు. పిల్లలిద్దరు, ఒకడు చంకలో, ఇంకొకతె చెయ్యి పట్టుకుని. రాత్రంతా తుమ్మచెట్టుని కరుచుకుని ఉంది. ముళ్ళు దిగిన గుర్తులు ఇప్పటికీ మోచేతుల మీద ఉన్నాయి. తెల్లారేసరికి పిల్లల్లేరు. శవాలైనా దొరకలేదు. దొరికిన వాళ్ళని ఎవరు ఎవరో తెలియకుండానే గుట్టలుగా వేసి తగలబెట్టారు. ఆ తర్వాత బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, ఎక్కడెక్కడి నుంచో మంచి మనుషులొచ్చారు, పక్కా ఇళ్ళు లేచాయి. వాళ్ళని తక్కువ చేసి మాట్లాడను, మా అమ్మ పెరిగింది అలా కట్టిన ఇంట్లోనే. కానీ దినం చెయ్యని చావులకి ఎలా ఏడవాలో ఆ వచ్చిన వాళ్ళెవరికీ తెలియదు. అది వాళ్ళ తప్పు కాదు.

1979 ఫాల్గుణంలో, ఉప్పెన తర్వాత మొదటి కొలుపు. పంబ మోగుతుండగా పెద్దమ్మ జనంలోంచి పరుగెత్తుకొచ్చి రాయి ముందు పడిపోయింది. లేచి ఊగింది. ఆమె అన్న మొదటి మాట దేవతలు మాట్లాడే మాట కాదు. "నా పిల్లలు ఏ కాలవలో ఉన్నారో చెప్పండి" అంది. మగవాళ్ళు పిచ్చన్నారు, దెయ్యమన్నారు. పెదనాన్న చెయ్యి చేసుకున్నాడు.

అప్పటి గణాచారి పక్క ఊరి చాకలి ముసలమ్మ. ఆమె వచ్చి పెద్దమ్మకి పసుపునీళ్ళు పోసి, వేపమండ చేతికిచ్చి అడిగింది, "నువ్వెవరు?" అని. జవాబు రాలేదు. మళ్ళీ మంగళవారం వచ్చి అడిగింది. మళ్ళీ మంగళవారం. మూడు వారాలు ఎవరినీ ఆమె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నాలుగో వారం పెద్దమ్మ, వాకిట్లో కూర్చున్న ఒక పల్లెకారుల ఆడమనిషి వంక తిరిగి, "నీ మొగుడు ఆకలితో పోలేదే, నిద్రలో పోయాడు" అందట. ఆ మనిషి అంతవరకూ ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. చాకలి ముసలమ్మ లేచి పెద్దమ్మ నుదుట బొట్టు పెట్టి ఒక మాట చెప్పింది. దెయ్యమైతే తన గోడే చెప్పుకుంటుందట, అమ్మయితే పక్కవాళ్ళ గోడు కూడా చెబుతుందట.

నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో ఇంత స్పష్టమైన గీత ఎక్కడా చూడలేదు. మానసిక వైద్యుల జబ్బుల జాబితా ఐసీడీ-10లో పూనకానికి ఒక అంకె ఉంది, ఎఫ్ 44.3. ఆ జాబితా కూడా తన జాగ్రత్త తాను పడుతుంది, ఒక సమాజం ఒప్పుకున్న మతాచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని జబ్బు కింద లెక్కకట్టొద్దని చెబుతుంది. ఆ మినహాయింపుని నాకు తెలిసిన చదువుకున్న వాళ్ళు ఎవరూ చదవలేదు. వాళ్ళకి 'హిస్టీరియా' అన్న పాత మాట ఒక్కటి చాలు.

బొట్టు పెట్టడంతో అయిపోలేదు. ఆరేళ్ళు ముసలమ్మ వెనక తిరిగింది పెద్దమ్మ. ఏ ఇంట్లో ఏ గొడవుందో చూడటం, చూసింది బయట పెట్టకుండా ఉండటం, ఎవరి ముందు ఏ మాట అనకూడదో తెలుసుకోవడం. ఒంటి మీదికి వచ్చిన దాన్ని దింపుకోవడం కూడా నేర్పింది, దాన్నే కష్టమైన విద్య అంటుంది పెద్దమ్మ. ఊరి బొడ్డురాయి నుంచి పొలిమేర దాకా ఎక్కడెక్కడ ఆగాలో, ఎక్కడ ఏ పాట అందుకోవాలో నేర్చుకుంది. అమ్మవారు పోస్తే ఏం చెయ్యాలో కూడా. గుమ్మానికి వేపమండలు కట్టడం, బయటివాళ్ళని రానివ్వకపోవడం, చలవ చేసే తిండి పెట్టడం, దురద పెడితే వేపాకుతో నిమరడం. మనదేశంలో మశూచి పోయిందని 1977 ఏప్రిల్లో ప్రకటించారు, ఉప్పెనకి ఏడు నెలల ముందు. పెద్దమ్మ చేతికొచ్చేసరికి మిగిలింది ఆటలమ్మ, తట్టూనే. 1985లో ముసలమ్మ పోతూ పోతూ గంప చేతికిచ్చింది. ఈతగంప, అందులో అమ్మ ముఖం, పసుపుబట్ట, ఒక బెత్తం. అప్పటినుంచి పెద్దమ్మ ఊరికి పెద్ద. ముప్పైరెండేళ్ళకే.

గంప చేతికొచ్చిన ఏడే కారంచేడు. మాదిగ స్త్రీ మున్నంగి సువార్త చెరువు దగ్గర బిందె ఎత్తిందని మొదలైన గొడవకి మాదిగపల్లె మీద జరిగిన హత్యలు మనందరికీ తెలుసు. మేమూ మాదిగలమే. కొలుపు రోజు ఊరంతా పెద్దమ్మ కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోసింది. మర్నాడు మంచినీళ్ళ చెరువు దగ్గర ఆమె బిందె ఆఖరునే నిండేది.

ఇక నా సంగతి. బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేశాను, గుడివాడలో ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. నా సిద్ధాంతవ్యాసం కొలుపు పాటల మీద. అందులో మూడో అధ్యాయమంతా పెద్దమ్మే. అనుబంధంలో ఆమె గురించి రాసిన వాక్యం ఇది: 'ఆవేదకురాలు: స్త్రీ, వయసు 62, నిరక్షరాస్యురాలు, వ్యవసాయ కూలీ.' జానపద విజ్ఞాన పరిశోధనలో సమాచారం చెప్పిన వాళ్ళని ఆవేదకులంటాం. ఆవేదన ఆమెది, డిగ్రీ నాది. ఆరేళ్ళ శిక్షణ, దాదాపు ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషిని 'నిరక్షరాస్యురాలు, కూలీ' అని రాసి, నా పర్యవేక్షకుడి పేరు ముందు మాత్రం ఆచార్య అని రాశాను. వైవాలో ఒక పెద్దాయన, "ఇవన్నీ మూఢనమ్మకాలని ఉపసంహారంలో ఒక వాక్యం రాయమ్మా, మీ నిబద్ధత తెలుస్తుంది" అన్నారు. రాశాను. ఆ వాక్యం గురించే ఈ వ్యాసం అనుకున్నా తప్పులేదు.

నేను హేతువాదానికి వ్యతిరేకిని కాదు, ముందే చెబుతున్నా. కృష్ణాజిల్లాలో పుట్టి గోరాగారిని కాదనడం ఎవరి తరమూ కాదు. గుడివాడకి అంత దూరం లేని ముదునూరులో 1940లో ఆయన నాస్తిక కేంద్రం పెట్టారు. సరస్వతీ గోరా కడుపుతో ఉండి గ్రహణం చూసిన మనిషి. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని ఆ కేంద్రం వాళ్ళు నడిచి చూపించారు. ఆ ధైర్యం లేకపోతే నాలాంటి వాళ్ళం చదువుకునే వాళ్ళం కాదు. అయితే నిప్పుల మీద నడిచి చూపించడం వేరు, ఏడ్చే మనిషి పక్కన కూర్చోవడం వేరు. మొదటిది చేసిన వాళ్ళని చూసి రెండోదాన్ని కూడా అబద్ధమనే అలవాటు మనకి, ముఖ్యంగా అభ్యుదయ సాహిత్యకారులకి, ఎప్పుడబ్బిందో ఆలోచించాలి.

ఒక చావు గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను కరపత్రం రాసినవాళ్ళకంటే మెరుగేమీ కాను. నేను ఆరో తరగతిలో ఉండగా జ్వరం తలకెక్కిన ఒక పిల్లని పెద్దమ్మ దగ్గరికి తెచ్చారు. మూడు రోజులు మండలు, పసుపునీళ్ళు. నాలుగో రోజు అవనిగడ్డ తీసుకెళుతుంటే దారిలోనే పోయింది. ఆ పిల్ల నా బెంచీ పిల్ల. పెద్దమ్మ ఏడాది పాటు గంప ముట్టలేదు. ఆ తర్వాత ఎవరు జ్వరంతో వచ్చినా ముందు ఆసుపత్రికి పంపింది, ఆటోకి డబ్బులు తనే ఇచ్చిన రోజులున్నాయి. టీకా వేయించని తల్లిని అమ్మ తిడుతుందని చెప్పింది. ఇప్పుడు మా ఊరి ఆశా కార్యకర్త, తన మాట వినని ఇళ్ళకి పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళుతుంది. ఇది చెప్పి ఆ చావుని చెరిపెయ్యాలని కాదు. అది చెరగదు. డాక్టర్ల చేతుల్లోనూ పిల్లలు పోతారు, వాళ్ళ వృత్తిని మూఢనమ్మకం అనం కదా అని మాత్రం అడుగుతాను. వాళ్ళ తప్పుల్ని వాళ్ళ వృత్తిలోని తప్పులుగా చూస్తాం. ఆమె తప్పుని ఆమె కులం తప్పుగా, ఆడదవడం తప్పుగా చూస్తాం.

ఆమె దగ్గరికి ఎవరొస్తారు? రెండు వేసవులు ఆ అరుగు మీద కూర్చుని రాసుకున్నాను. తాగొచ్చి కొట్టే మొగుళ్ళున్న వాళ్ళు. గల్ఫ్ వెళ్ళిన కూతురి నుంచి ఫోను రాని తల్లులు. మూడో ఆడపిల్లని కన్నందుకు ఇంట్లోకి రానివ్వని కోడళ్ళు. రొయ్యల చెరువులో అప్పులపాలైన మొగుడు పురుగుమందు తాగితే మిగిలిన వాళ్ళు. వీళ్ళకి కౌన్సెలింగ్ సెంటరు ఎక్కడుంది? బందరు వెళ్ళాలి, బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి పోతుంది, చీటీ రాయించుకోవాలి, పేరు చెప్పాలి. పెద్దమ్మ దగ్గర పేరు చెప్పక్కర్లేదు. అమ్మ ఒంటి మీద ఉన్నప్పుడు ఆమె ఏ మగాణ్ణయినా పేరు పెట్టి తిట్టొచ్చు. "ఒరేయ్, నా బిడ్డ మీద ఇంకోసారి చెయ్యెత్తితే నీ పొలిమేర నేను కాయను" అని ఊరి ప్రెసిడెంటు తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టి తిట్టింది. వాడు ఆ పండగనాడు మాత్రం తాగలేదు. మర్నాడు తాగాడు. ఆ ఒక్కరోజుని చూసి నవ్వేవాళ్ళు, గృహహింస చట్టం వచ్చిన 2005 తర్వాత మా మండలంలో ఏ ఆడదానికైనా నికరంగా ఎన్ని రోజులు దొరికాయో లెక్క చూపించాలి.

నా డిగ్రీ స్నేహితురాలు ఒకామె గుడివాడ నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడింది. పోయినేడు ఫోను చేసి చాలా ఉద్వేగంగా చెప్పింది, పశ్చిమ ఆఫ్రికాలోని దగారా జాతి పద్ధతిలో శోకక్రతువుకి వెళ్ళిందట. రెండు రోజులు, అడవిలో, డప్పులతో. తల్లి పోయినప్పుడు వీసా ఇబ్బంది వల్ల రాలేకపోయింది, ఆ ఏడుపు అక్కడ ఏడ్చిందట. "మన దగ్గర ఇలాంటివెందుకు లేవే?" అంది.

ఆమె ఏడుపుని నేను వెక్కిరించను. దగారా వాళ్ళ గురించి తర్వాత చదివాను. బుర్కినా ఫాసో, ఘనాల్లో ఉండే జనం. వాళ్ళలో మలిదోమా సోమే అనే ఆయన (1956–2021) నాలుగేళ్ళ వయసులో మిషనరీల చేతికి చిక్కి, ఇరవై ఏళ్ళప్పుడు తప్పించుకుని ఊరికొచ్చి, అంత ఆలస్యంగా దీక్ష పొంది, పెద్దల ఆజ్ఞతో ఆ విద్యని పడమటి దేశాలకి తీసుకెళ్ళానని 1994లో పుస్తకం రాశాడు. సోబోన్‌ఫు సోమే, 2017లో పోయింది, అమెరికాలో శోకక్రతువులు నడిపిన స్త్రీ. పోయినవాళ్ళ కోసం ఒంటరిగా కాదు, ఊరంతా కలిసి ఏడవాలని ఆమె చెప్పింది. మా చాకలి ముసలమ్మ అన్నదీ దాదాపు అదే. ఇప్పుడు అక్కడ దీక్ష తీసుకుని పెద్దలుగా గుర్తింపు పొందిన తెల్లవాళ్ళున్నారు. వాళ్ళ దీక్ష నిజమా కాదా అని తేల్చడం నా పని కాదు, దగారా ఆడవాళ్ళు తేల్చాలి. నన్ను తొలిచింది వేరే సంగతి. నా స్నేహితురాలు ఆ రెండు రోజులకి కట్టిన ఫీజు మా పెద్దమ్మ ఏడాది పింఛను కంటే ఎక్కువ. 2024 జులై నుంచి నెలకి 4,000 చొప్పున లెక్కేసి చూశాను. సముద్రం దాటితే అది ప్రాచీన జ్ఞానం, దివిసీమలో ఉంటే మూఢనమ్మకం. అక్కడ ఎల్డర్, ఇక్కడ 'పూనకం ముసల్ది'.

ఇక మన గుళ్ళు. గుడివాడ నుంచి మా ఊరికి పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు. దారిలో కూచిపూడి వస్తుంది. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒక పాత మోసం గుర్తొస్తుంది. ఈ డెల్టాలో ఆటపాటలు బతికించిన కలావంతుల స్త్రీల వృత్తిని 1947 మద్రాసు చట్టం నేరం కిందికి తెచ్చింది. అందులో దోపిడీ ఉంది, ఆపాల్సిందే. కానీ చట్టం స్త్రీలని ఆపి కళని మాత్రం వదిలేసింది. సత్యభామ జడ మగవాళ్ళే వేసుకున్న ఊరి నాట్యానికి శాస్త్రీయం అన్న గౌరవం దక్కింది, కలావంతుల అమ్మమ్మలు మాత్రం తమ వంశం పేరు దాచుకుని చచ్చిపోయారు. గణాచారికి ఇప్పుడు జరుగుతున్నదీ ఇదే వరసలో ఉంది. దేవతని ఉంచుకుంటారు, పండగని ఉంచుకుంటారు, ఆదాయాన్ని ఉంచుకుంటారు. ఆడమనిషిని తీసేస్తారు.

చట్టాల్లో కూడా ఒక తమాషా ఉంది. 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు సరేనంది. 2007లో సవరణ తెచ్చి అర్చక కుటుంబాల హక్కుని మళ్ళీ గుర్తించారు. అర్చకుల జీవనం కోసం బాధపడ్డ వాళ్ళ మాటల్లో న్యాయం లేదనను, చిన్న గుళ్ళలో పేద అర్చకుల్ని నేనూ చూశాను. అర్చక కుటుంబం అనగానే ఎవరి కుటుంబం గుర్తొస్తుంది అన్నదే ప్రశ్న. మా గంగానమ్మకి ఎన్నో తరాలుగా సేవ చేసింది చాకలివాళ్ళు, మాదిగలు. కొత్త గుడికి పూజారి మాత్రం పక్క జిల్లా నుంచి వచ్చాడు. మంచివాడే పాపం, పెద్దమ్మని 'అమ్మా' అంటాడు. ఆయనకి జీతం ఉంది, ఇల్లుంది. పెద్దమ్మకి ఏటా ఒక చీర, కుంచెడు బియ్యం. గర్భగుడికి ఇత్తడి రైలింగు పెట్టారు, తాళం వేస్తారు. రాయిని ఆమె నలభయ్యేళ్ళు చేత్తో కడిగింది, ఇప్పుడు రైలింగు ఇవతల నుంచి దణ్ణం పెట్టుకోవాలి. "మడి కదా" అన్నారు కమిటీవాళ్ళు. అందులో ఇద్దరు బీసీలు, ఒకడు మా పల్లె కుర్రాడే. వాడే నాతో గొప్పగా చెప్పాడు, "అక్కా, మన అమ్మవారు ఇప్పుడు పెద్ద దేవత అయిపోయింది" అని.

టీవీకి ఎక్కితే మాత్రం మర్యాదలు వేరు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి రంగంలో పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ భవిష్యవాణి చెబుతుంటే మంత్రులు చేతులు జోడించి వింటారు. 2014లో బోనాలు రాష్ట్ర పండగ అయింది. వినడం నేర్చిన రాజ్యం ఆ మర్నాడు ఏ మాదిగ స్త్రీ మాట విన్నదో నాకు తెలిస్తే రాస్తాను.

పేరంటాళ్ళని చూడండి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గర నుంచి పేరులేని పొలం గట్టు పేరంటాలు దాకా, కష్టపడి కాలిపోయిన ఆడవాళ్ళు, చచ్చి దేవతలైన ఆడవాళ్ళు ఎందరున్నారో. ఆడది చచ్చిపోయాక గుడి కట్టడానికి మనకి అభ్యంతరం లేదు. అదే ఆడది ఉప్పెనలో చావకుండా బయటపడి, పిల్లల్ని పోగొట్టుకుని, ఇంకా నోరు తెరిచి మాట్లాడితే ఐదు నిమిషాలు.

ఇదంతా చెప్పి నేను గంపని నెత్తికెత్తుకుంటానా? ఇక్కడే నాకు గొంతు తడబడుతుంది.

ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల గురించి 1899లో అచ్చువేసిన పుస్తకంలో మాతంగి ప్రస్తావన ఉంది. మాదిగ స్త్రీ పూనకంలో పెద్దకులాల వాళ్ళ మీద ఉమ్ముతుంది, తిడుతుంది, వాళ్ళు దాన్ని పవిత్రమని భరిస్తారు. ఈ దృశ్యాన్ని చూసి పొంగిపోయిన స్త్రీవాద వ్యాసాలు నేను చాలా చదివాను, తలకిందుల లోకం, ప్రతిఘటన అంటూ. నేనే ఒకటి రాశాను. కానీ ఏడాదికి ఒకరోజు ఉమ్మే హక్కు, మిగిలిన రోజులు ఉమ్మించుకునే బాధ్యతతో కలిపి వచ్చింది కదా? జోగిని, బసివి, మాతమ్మ పేర్లతో మా పిల్లల్ని దేవతకిచ్చి ఊరి మగవాళ్ళకి పంచిన చరిత్ర పక్కనే ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది అందుకే. గణాచారి జోగిని కాదు, పెద్దమ్మకి మొగుడున్నాడు, సంసారం చేసింది. అయినా మాదిగ ఆడపిల్ల ఒంటిని దేవత వచ్చి కూర్చునే పీటగా చూసే చూపు రెండిట్లోనూ ఉంది. అంబేద్కర్ని చదువుకున్న మనిషిని, ఆ పీట నా ఒంటితో మళ్ళీ వెయ్యనా?

పోయిన కొలుపు తర్వాత పెద్దమ్మ అడిగేసింది. అరుగు మీద కూర్చుని కాళ్ళకి పసుపు రాసుకుంటూ, "ఏమే, నువ్వు మోస్తావా?" అంది.

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. చెప్పాను. నాకు నమ్మకం లేదు పెద్దమ్మా, అమ్మ నా ఒంటి మీదికి రాదు, రాకుండా నటించలేను అన్నాను.

"నాకు మాత్రం నమ్మకం ఉండి వచ్చిందా? పిల్లల్ని తీసుకుపోయిన దాన్ని నేనేం నమ్ముతా?" అంది. "నేను ఆ ముండని తిట్టడానికే పోయాను ఆరోజు."

నలభై ఆరేళ్ళ తర్వాత మొదటిసారి విన్నాను ఆ మాట. నా సిద్ధాంతవ్యాసంలో 'భక్త్యావేశం' అని రాసి ఉంది.

మోయనని చెప్పాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. అందువల్ల ఆ గంప ఇత్తడి రైలింగు వెనక్కి పోవాలని మాత్రం ఒప్పుకోను. మోసే ఆడది దొరుకుతుందో లేదో అమ్మే చూసుకుంటుందని పెద్దమ్మ ధీమా. దొరికిన మనిషికి పూజారికిచ్చే జీతం ఇవ్వాలి. కమిటీలో కుర్చీ ఇవ్వాలి. ఏ కులమైనా, విధవరాలైనా సరే, గర్భగుడిలో రాయి కడిగే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. ఎవరికీ ఇష్టం లేకపోతే ఆ గంప ఏ మాదిగ పిల్ల నెత్తి మీదా బలవంతాన పెట్టకూడదు, అది కూడా రాతపూర్వకంగానే ఉండాలి. ఇవి అడిగితే స్త్రీవాదులం దేవుళ్ళ జోలికి పోతున్నామని కొందరు, మూఢత్వాన్ని పెంచుతున్నామని ఇంకొందరు అంటారు. ఈ రెండు మాటలూ అనే వాళ్ళు ఒకే టీకొట్టు దగ్గర కలిసి కూర్చోవడం నేను బందరు కోనేరు సెంటర్లో చూశాను.

విశ్వవిద్యాలయానికి కూడా ఒక ఉత్తరం రాశాను. నా సిద్ధాంతవ్యాసం ఉపసంహారంలో ఒక వాక్యం తీసేయాలని, అనుబంధంలో 'నిరక్షరాస్యురాలు, వ్యవసాయ కూలీ' అన్నచోట 'గణాచారి, 1985 నుంచి' అని మార్చాలని కోరాను. ఆమోదించిన వ్యాసంలో మార్పులకి వీలులేదని జవాబొచ్చింది. అచ్చు వేసేటప్పుడు నేనే మారుస్తాను.

ఆ ఉత్తరం సంగతి పెద్దమ్మకి చదివి వినిపించాను. సగంలోనే ఆపేసింది. ప్రతిష్ఠ వచ్చే గురువారం. ఆమెకి ఉన్న తొందర వేరు. "అది తర్వాత చూద్దువులేవే. ముందు ఆ కుర్రాడికి ఫోను చేసి, రైలింగు తాళం చెవి బుధవారం రాత్రి ఎవరి దగ్గరుంటదో కనుక్కో" అంది.

చేశాను. పూజారిగారి దగ్గర ఒకటి, ప్రెసిడెంటు తమ్ముడి దగ్గర ఒకటి ఉన్నాయట.